భుజం మార్పు

రాత్రి రెండుంబావు. గుంటూరు మిర్చి యార్డు.
లారీల మీంచి తేజ టిక్కీలు దిగుతూనే ఉన్నాయి.
లెక్క ఆగకూడదన్నారు,
ఆపకుండానే మార్చమన్నారు.

మా లెక్క ఒక్కచోట ఉండదు.
యార్డులో ఒక మిషను, చుట్టుగుంటలో ఒకటి,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో, లాలుపురంలో,
ఐదోది కృష్ణ దాటి బెజవాడ ఆటోనగర్‌లో.
ఏ టిక్కీ ఎవరిదో, ఏ ధరకి తెగిందో
ముగ్గురు ఔనంటే నిజం.
ఇద్దరు పడిపోయినా నిజం నిలబడాలి,
నాకు జీతమిచ్చేది అందుకే.

ఏటుకూరు రోడ్డుది తొమ్మిది సీజన్ల కారం పీల్చింది.
ఫ్యాను తిరిగితే బొంగురుగొంతు.
దాని బదులు పెదకాకానిలో కొత్తది పెట్టాం.
వారం నుంచీ అది నోరెత్తకుండా
పాత పద్దులు చదువుకుంటోంది.
ఓటు లేదు, వినికిడే.
ఈ రాత్రి దాన్ని మనిషిగా లెక్కెయ్యాలి.

"ఒకటి తీసెయ్, ఒకటి పెట్టెయ్, ఎంతసేపు?"
అన్నాడు సెక్రటరీ వీరరాఘవులు.
కబురు అందరికీ ఒక్క క్షణంలో చేరదు సార్.
అందిన ముగ్గురు ఒకవైపు,
అందని ముగ్గురు ఇంకోవైపు,
రెండూ మెజారిటీలే.
ఒకే టిక్కీ ఇద్దరికి అమ్ముడుపోతుంది,
ఇద్దరి దగ్గరా అసలు రసీదే ఉంటుంది.

ఆయనకి ఎక్కలేదు.
గడపలో కూచుని బీడీ ఆర్పుతున్న
ముఠా మేస్త్రి గురవయ్యకి ఎక్కింది.
"బస్తా దించకుండా భుజం మార్చాలంటే
కాసేపు రెండు భుజాల మీదా ఉండాల.
ఆ నాలుగడుగులే బరువు."

ఆ నాలుగడుగులు మొదలెట్టాను.
మార్పు కూడా ఒక పద్దే, మిగతా పద్దుల మధ్యే:
ప్రత్తిపాడు యలమంద, పద్నాలుగు టిక్కీలు.
ఇకనుంచి పాత జాబితా, కొత్త జాబితా, రెండూ.
మేడికొండూరు దానమ్మ, ఇరవయ్యారు టిక్కీలు.
పాతవాళ్ళలో ముగ్గురు ఔననాలి,
కొత్తవాళ్ళలోనూ ముగ్గురు ఔననాలి.

అప్పుడు పోయింది లాలుపురంలో కరెంటు.
జనరేటరు మనిషి ఫోనెత్తడు.
చుట్టుగుంట లైను పొద్దుట్నుంచీ నసుగుతోంది,
సరిగ్గా ఇప్పుడే మూగబోయింది.
"నేనున్నా" అంది ఆటోనగర్ నుంచి ఫరీదా.
వేళ్ళు మడిచాను.
కొత్త జాబితాలో యార్డు, ఆటోనగర్, పెదకాకాని. సరే.
పాత జాబితాలో యార్డు, ఆటోనగర్,
మూడో వేలు
ఏటుకూరు రోడ్డు.

తన్ను తప్పించే కాగితం మీద
తన సంతకమే కావాలి.

గురవయ్య నా మొహం చూసి మాట్లాడలేదు.
బయట కాటా ముల్లు ఊగుతోంది,
ఎవరో "ఊఁ, తర్వాత" అని అరుస్తున్నారు.
నాలుగు సెకన్లు. ఏడు. పదకొండు.
ఆ ముసలి ఫ్యాను తిరుగుతోందో లేదో
ఇక్కణ్ణుంచి వినపడదు.

ఔను, అంది.

మిషనుకేం తెలుస్తుందండీ అంటారు.
నాకూ తెలుసు తెలీదని.
అయినా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

రెండో పద్దు తేలిగ్గా పడింది:
ఇక కొత్త జాబితా ఒక్కటే.
మూడున్నరకి లాలుపురం లేచింది.
ఎందాకా వచ్చారని అడిగింది,
పోయిన గంటంతా గబగబా చదువుకుంది,
పెదకాకాని ఎవరని అడక్కుండా వరసలో నిలబడింది.

తీసేసినదాన్ని అలా వదిలెయ్యకూడదు.
ఎవరూ కబురు చెప్పట్లేదని గాభరాపడి
పెద్దరికం నాదే, ఓటెయ్యండని
అందరి తలుపులూ బాదుతుంది.
తెల్లారకముందే బండేసుకుని వెళ్ళాను.
వెనక గురవయ్య.
వచ్చే నెలనుంచి ముఠా దావీదుదట,
తనే పేరు చెప్పాడట. దారిలో అన్నాడు, అంతే.

తీగ పీకాను. ఫ్యాను ఇంకో పది చుట్లు తిరిగింది.
రెక్కల మీది ఎర్రటి దుమ్ము నా మొహాన రాలింది.
తుమ్మాను. ఒకటే తుమ్ము.
యార్డు మనుషులకి తుమ్ములో శకునం లేదు.

"చిరంజీవ" అన్నాడు గురవయ్య
మిషను వైపు చూస్తూ.